నాలుగు నెలల చేపలు

ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చి మూడు వారాలైంది. మొదట ఫైళ్ళ కింద పెట్టాను. తర్వాత సొరుగులో పడేశాను. సొరుగు తీసినప్పుడల్లా అదే కనిపిస్తుంటే చివరికి మడిచి సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇప్పుడది ఫ్రిజ్ మీద, నా మోకాళ్ళ నొప్పుల మందుల డబ్బా కింద ఉంది.

ఈ ఎడారి దేశంలో, వెస్ట్ బేలో ఒక ఆఫీసులో కాగితాలు భద్రపరిచే ఉద్యోగం నాది. ఎక్కడైనా ఏదైనా కట్టాలంటే ముందు అక్కడి నేల ఎలాంటిది, నీళ్ళు ఎలాంటివి అని మా వాళ్ళు రిపోర్టులు రాస్తారు. వాటికి నంబర్లు వేసి, కాపీలు తీసి, అడిగినవాళ్ళకు అడిగిన కాగితం ఇవ్వడం నా పని. చదవమని ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళుగా అన్నీ చదువుతూనే ఉన్నాను. ఇరవై రెండో అంతస్తు కిటికీలోంచి సముద్రం బాగా కనిపిస్తుందని కొత్తవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. నా కుర్చీ గోడవైపు ఉంటుంది. తిప్పించమని అడిగే ఓపిక కూడా లేక అలాగే కూర్చుంటున్నాను.

ఆ కాగితం తెచ్చింది హైదరాబాదు కుర్రాడు. సముద్రంలో గడ్డీ గాదం, చేపపిల్లల లెక్కలూ చదువుకుని వచ్చాడు. మర్యాదస్తుడు, కాస్త తొందర మనిషి. ఉత్తరాన సముద్రపు పాయ ఒకటి ఉండేది, దాన్ని పూడ్చి నడిచే దారీ కాఫీ కొట్లూ కట్టారు కదా, దాని పక్కనే మిగిలిన బురదలో మళ్ళీ మడచెట్లు నాటుతున్నారట. రాతి దిబ్బల దగ్గర బతికే చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు ఆ చెట్ల వేళ్ళ మధ్య, పక్కన సముద్రపు గడ్డిలో పెరుగుతాయట. పూర్వం అక్కడ అలా పెరిగేవని ఎవరైనా చెప్తే వాళ్ళ రిపోర్టుకి బలం వస్తుందట. పాత జాలర్లు కొందరు పోయారు, ఉన్నవాళ్ళు మాట్లాడటం లేదు.

“ఆంటీ, మీరు ఆ ఊళ్ళనే పెరిగిన్రంట గదా,” అన్నాడు. “మీకు గుర్తున్నది రాసియ్యున్రి. రెండు నిమిషాల పని.”

నాలుగు గళ్ళున్నాయి దాంట్లో. ఏ చేపలు. ఏ కాలంలో. ఎన్ని. మీకు ఎలా తెలుసు.

మొదటి రెండూ నిజంగా రెండు నిమిషాల పనే.

*

నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట. అప్పట్లో ఆ ఊరికి ఒకే తారు రోడ్డు. దాని చివర సముద్రం, సముద్రానికి ఇవతల అర్బాబ్ ఇల్లు. అర్బాబ్ అంటే యజమాని. మా వీసాలు ఆయన చేతిలో ఉండేవి. నాలుగు పడవలుండేవి ఆయనకు. వయసులో ఉన్నప్పుడు పడవ మీద బొంబాయి దాకా వెళ్ళొచ్చిన మనిషి కాబట్టి హిందీ బాగా మాట్లాడేవాడు. ఆ హిందీలో సముద్రపు మాటలు, బొంబాయి తిట్లు, అరబ్బీ అన్నీ కలిసి ఉండేవి. మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు ఆయన పెరట్లో గర్గూర్లు అల్లేవాడు. అవ్వ ఆయన ఇంట్లో వంట చేసేది. మేం ముగ్గురం పెరటి గోడకు ఆనుకుని ఉన్న ఒక గదిలో ఉండేవాళ్ళం.

గర్గూర్ అంటే ఇనుప తీగతో అల్లిన గుమ్మటంలాంటి చేపల బుట్ట. ఒక పక్క గరాటులాంటి దారి ఉంటుంది. చేప లోపలికి పోగలదు, బయటికి రాలేదు. బాపు ఎత్తు గర్గూర్లు కూడా ఉండేవి. బాపు మా వైపు చెరువుల్లో చేపలు పట్టే గంగపుత్రుల ఇంటివాడు. నూలు వల అల్లిన చేతులు తీగ అల్లడం నేర్చుకోవడానికి వారం పట్టిందని చెప్పేవాడు. ఆ వారం గుర్తులు చేతుల మీద చివరిదాకా ఉన్నాయి.

ఆ పెరటి వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నడక ఆగిపోతుంది. తుప్పు, ఎండిన నాచు, కడిగినా పోని చేప నెత్తురు, వాటి మీద ఇంట్లోంచి వచ్చే ఏలకుల కాఫీ, సాంబ్రాణి పొగ. అవ్వ వంటగదిలో ఎప్పుడూ ఎండు నల్ల నిమ్మకాయలు ఉడికే వాసన ఉండేది. నాకు ఇష్టం. అవ్వకు ఆ ఏడు ఆ వాసనే పడలేదు.

ఆ ఏడు నాకు బడి లేదు. దగ్గర్లో మా పిల్లలకు పనికొచ్చే బడే లేదు. బాపు పొద్దున తీగ చుట్టలు విప్పుతూ నాకు అక్షరాలు దిద్దించేవాడు, ఆ తర్వాత రోజంతా నాదే. ఒకసారి పెద్ద గర్గూర్ గరాటులోంచి పాక్కుంటూ లోపలికి పోయి అది నా ఇల్లు అనుకుని కూర్చున్నాను. రొట్టె ముక్క, ఖర్జూరాలు కూడా పట్టుకెళ్ళాను. తిన్నాక బయటికి రావాలంటే తీగ కొసలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి, గౌను పట్టేసుకున్నాయి. నా ఏడుపుకి పడవ మనుషులంతా చేరారు. బాపు అడుగు కట్లు విప్పుతుంటే అర్బాబ్ గర్గూర్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఇవాళ పడ్డది మార్కెట్లో అమ్ముడుపోయే రకం కాదు, తిరిగి నీళ్ళలో వదిలెయ్యండి అన్నాడు. నెల్లాళ్ళపాటు ఆ పడవ మనుషులు నేను కనిపిస్తే చాలు “బయటికొచ్చిందా చేప” అనేవాళ్ళు.

*

పాయ మా ఇంటికి నడిచిపోయేంత దూరం. అక్కడున్న చెట్లను మేం నీళ్ళచెట్లు అనేవాళ్ళం. మడచెట్లు అనే మాట నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా వైపు వాళ్ళు సముద్రమే చూసి ఎరగరు, ఉప్పు నీళ్ళలో నిలబడి పచ్చగా ఉండే చెట్టు ఉంటుందంటే నమ్మరు కూడా. పోటు వస్తే సగం మునిగేవి. పాటులో బురద బయటపడి దాన్నిండా వేళ్ళు పుల్లల్లా నిలువుగా పైకి పొడుచుకొచ్చి ఉండేవి. చెప్పులు లేకుండా నడిస్తే అరికాళ్ళు చీరుకుపోయేవి, చెప్పులతో నడిస్తే చెప్పులు బురద మింగేది. రెండు జతలు పోగొట్టాను. ఆకుల వెనక ఉప్పు పొడిలా పేరుకుని ఉండేది. నాలుకతో నాకేదాన్ని. ఇంటికొచ్చాక చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతుంటే, దీనికి దాహపు రోగమేమైనా వచ్చిందా అని అవ్వ భయపడింది.

ఎండలు తగ్గే వేళకు ఆ వేళ్ళ మధ్య నీటి గుంటల్లో చిన్న చేపలు కదిలేవి. వేలెడు, రెండు వేళ్ళంత. ఇవతల లోతు తక్కువ నీళ్ళలో పచ్చగడ్డి పరుచుకుని ఉండేది, దాంట్లో కూడా అవే. ఒంటి మీద నారింజ రంగు చుక్కలున్నవి కొన్ని, వెండిలా మెరిసేవి కొన్ని, ముళ్ళతో పొడిచే బూడిద రంగువి కొన్ని. అవ్వ పాత చీర చెంగు ఒకటి చింపి తెచ్చుకుని, రెండు మూలలు మెడకు కట్టుకుని, మిగతా రెండూ చేతుల్లో పట్టుకుని గుంటలో ముంచి ఎత్తితే గుప్పెడు దొరికేవి. ఆ పట్టడం బాపు నేర్పలేదు. మా ఊళ్ళో పిల్లలు వానాకాలం కాలవల్లో అలాగే పడతారు.

అప్పటికి అవ్వకు మూడో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ముద్ద నోట్లో పెడితే వాంతి. అర్బాబ్ ఇంట్లో వండే అన్నం, మాంసం, పప్పు, మాకని బాపు చేసిన పచ్చిపులుసు, దేన్నీ కడుపు ఒప్పుకోలేదు. బుగ్గలు లోపలికి పోయాయి. అర్బాబ్ భార్య మంచి మనిషే, కానీ మాట కచ్చితం. ఇలాగే ఉంటే నెల తిరిగేలోగా తల్లినీ బిడ్డనూ ఇండియాకి పంపేస్తానంది, నా ఇంట్లో ప్రాణం పోతే నేను చూడలేనంది. పోతే మళ్ళీ వీసా రాదని బాపుకు తెలుసు. ఊళ్ళో అవ్వను చూసుకునే పెద్దదిక్కు ఎవరూ లేరు. అమ్మమ్మకే కళ్ళు కనపడవు. ఆ రోజుల్లో బాపు తీగ అల్లుతూ అల్లుతూ ఆగిపోయి చేతులకేసి చూసుకునేవాడు.

నేను తెచ్చిన చేపలను అవ్వ మొదట పిల్లి కోసం పక్కన పెట్టింది. తర్వాత వాసన చూసింది. చింతపండు నానేసి, మెంతులు వేయించి, చేపలను తలలతో సహా పులుసు పెట్టింది. మా గది వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద. అన్నంలో కలిపి ఒక ముద్ద, ఆగి ఇంకో ముద్ద. బాపూ నేనూ పక్కనే కూర్చుని చూస్తున్నాం. పళ్ళెం ఖాళీ అయింది. వాంతి కాలేదు.

“గివి పరకలు బిడ్డా,” అంది అవ్వ. “మనూరి పరకలే. ఏడికెళ్ళి వచ్చినయో గీడికి.”

పరకలంటే మా చెరువుల్లో దొరికే చిన్న చేపలు. అవి ఎంత పెరిగినా వేలెడే. బాపు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పరకలే అన్నాడు. చేపల ఇంట్లో పుట్టినవాడు చెప్పాక ఇంకేముంది. సముద్రపు చేప సముద్రం నడుమ పుట్టి అక్కడే పెరుగుతుంది, ఒడ్డున చెట్ల కింద బురదలోకి ఎందుకొస్తుంది, ఇక్కడున్నది ఇక్కడే ఉండే చిన్న జాతి అని ఆయన లెక్క. చెరువు తెలిసినవాడికి అది సరైన లెక్కే.

ఆ రోజు నుంచి నాకు ఉద్యోగం దొరికింది. రోజూ పాటు సమయానికి పాయలో దిగేదాన్ని. ఎక్కువ పడ్డ రోజు మిగిలినవి ఉప్పు రాసి గది పైకప్పు మీద చాపలో ఎండేసేది అవ్వ. బుగ్గలు మళ్ళీ నిండాయి. అర్బాబ్ భార్య ఇండియా మాట ఎత్తడం మానేసింది.

*

ఒక మధ్యాహ్నం పడవలు వచ్చినప్పుడు అర్బాబ్ ఒడ్డున చేపలు రకాలుగా ఏరిస్తున్నాడు. నేను పక్కన కూర్చుని ఉన్నాను. పెద్ద హామూర్ ఒకటి, నా కాలంత పొడవు, ఒళ్ళంతా నారింజ చుక్కలతో పడి ఉంది. తీరం దగ్గర వేసిన గర్గూర్‌లో తీగల మధ్య ఇరుక్కుని వచ్చిన ఒక చిన్న చేపను ఆయన వేళ్ళతో విడదీసి, నీళ్ళున్న బకెట్లో వేసి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. బకెట్టును పెద్ద చేప పక్కకు జరిపాడు. అవే చుక్కలు, అదే నోరు, తోక దగ్గర అదే గుండ్రం.

ఇది దాని బిడ్డ అన్నాడు. పెద్దవి దూరంగా సముద్రంలో రాతి దిబ్బల దగ్గర ఉంటాయి. అక్కడ అందరికీ ఆకలే, చిన్నదాన్ని ఒక్క గుటకలో మింగేస్తారు. అందుకని పిల్లలు ఆ నీళ్ళచెట్లలోకి వస్తాయి. పెద్ద నోళ్ళు ఆ వేళ్ళ మధ్యకు దూరలేవు. గడ్డిలో, వేళ్ళలో దాక్కుని తిని, కండ పట్టాక, ఒక చలికాలమో రెండు చలికాలాలో గడిచాక రాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాయి. చెట్లు చూపించి, అది వాటి మదరసా అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం నాకు గుర్తుంది. తన ఇంటి గురించి చెప్తున్నట్టుంది. తర్వాత బకెట్టు తీసుకుని మోకాళ్ళ లోతు దాకా నడిచివెళ్ళి ఆ చేపను వదిలేసి వచ్చాడు. అంత పెద్దమనిషి, ఒక వేలెడు చేప కోసం ఒంటి మీది తెల్ల తోబు అంచులు తడుపుకున్నాడు.

నేను ఇంటికి వచ్చేసరికి అవ్వ గుమ్మంలో కూర్చుని పులుసన్నం తింటోంది. పళ్ళెంలో చుక్కల చేప తల ఒకటి నాకేసి చూస్తోంది. చెప్పాలని నోరు తెరిచాను. అవ్వ ముళ్ళు తీసిన ముద్ద ఒకటి నా నోట్లో పెట్టింది. నమిలి మింగాను. చెప్పలేదు.

ఇదీ నా తప్పు. మిగతావాళ్ళది తెలియక చేసింది. నేను తెలిసి, ఆ తర్వాత కూడా రోజూ చీర చెంగు భుజాన వేసుకుని వెళ్ళాను.

చెప్తే బాపు ఆ పూటే ఆపేస్తాడు. అందులో నాకు సందేహం లేదు. ఆపేస్తే అవ్వ తినదు. తినకపోతే కడుపు నిలవదు, లేదా మమ్మల్ని పంపేస్తారు. తొమ్మిదేళ్ళ బుర్రకు ఇంతకు మించి దారి కనిపించలేదు. ఇప్పుడీ వయసులో ఆలోచించినా ఏమంత గొప్ప దారి కనిపించడం లేదు.

ఆ రోజుల్లో ఊరికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్ళం. ఎవరైనా సెలవు మీద వెళ్తుంటే వాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. ఒక శుక్రవారం టేపు రికార్డరు మధ్యలో పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. మా అమ్మమ్మకు ఎడారి దేశాలన్నీ దుబాయే. అవ్వ టేపుతో, “దుబాయ్‌ల మన పరకలు దొరుకుతున్నయే అమ్మా, నీ మనుమరాలే వట్టుకొస్తుంది, రందివడకు, తింటున్న,” అని చెప్పింది. చెప్తూ చెప్తూ నవ్వింది. నా వంతు వచ్చింది. ఎర్ర లైటు వెలుగుతోంది. అమ్మమ్మకు చెప్పేస్తే ఆమె అంత దూరం నుంచి ఎవరికీ చెప్పలేదు కదా అనిపించింది. కానీ బాపు, అవ్వ ఎదురుగానే ఉన్నారు. బాపు చెయ్యి ఊపుతున్నాడు, మాట్లాడు మాట్లాడు అని. మా పెరట్లో పిల్లి నాలుగు పిల్లలు పెట్టిందని చెప్పి ఊరుకున్నాను.

*

ఆ చలికాలం చేపలు తగ్గి గర్గూర్లు తేలిగ్గా పైకి వచ్చాయి. పెద్దవాళ్ళు ఒడ్డున కాఫీ తాగుతూ గాలి మారిందన్నారు. ఇంకొకాయన దక్షిణాన సముద్రంలో మట్టి తవ్వే ఓడలు వచ్చాయన్నాడు, పడవలు ఎక్కువయ్యాయని ఇంకొకాయన. నేను తీగ చుట్టల వెనక కూర్చుని అన్నీ విన్నాను. వీళ్ళెవరికీ తెలియదు, అసలు సంగతి నాకు తెలుసు అనుకున్నాను. సముద్రాన్ని మేం తినేశామని నమ్మాను. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం పడవ వచ్చిందంటే గదిలోకి పరిగెత్తేదాన్ని.

చుక్కలవి వదిలేయడం మొదలుపెట్టాను. అర్బాబ్ చూపించిన బిడ్డలు చుక్కలవే కదా, మిగతావి వేరేవాళ్ళ బిడ్డలు అని నా తెలివి. చుక్కలవి రుచి, అవి ఎందుకు తేవడం లేదని అవ్వ అడిగింది. కరుస్తున్నాయని చెప్పాను.

అవ్వకు ఐదు నెలలు నిండాక ఒక రోజు, అర్బాబ్ మా గది పక్కకు వచ్చాడు. బాపు వేసిన కొత్త నిచ్చెన గట్టిగా ఉందో లేదో చూద్దామని ఎక్కాడు. పైకప్పు మీద చాప, చాప నిండా ఎండుతున్న చేపలు. నేను కింద నిలబడి ఉన్నాను. ఆయన చాలాసేపు దిగలేదు. దిగేటప్పుడు చేతిలో మూడు చేపలున్నాయి. అన్నీ మొదటి రోజుల్లో ఎండేసినవి, ఒకదాని మీద చుక్కలు గోధుమ రంగుకి తిరిగాయి గాని కనిపిస్తూనే ఉన్నాయి.

బాపును పిలిచాడు. కోప్పడలేదు. పెద్ద హామూర్ పేరు చెప్పి, చేతిలో చేపను చూపించాడు. సాఫీ అని ఇంకోటి చూపించాడు. షేరీ అని మూడోది. బాపు ముందు నవ్వబోయాడు, పరకలు అనబోయాడు. తర్వాత చుక్కల చేపను తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో చుక్కలు తడిమాడు. చేపల ఇంటి మనిషి కదా, ఒకసారి చూపించాక మళ్ళీ చూపించనక్కరలేకపోయింది. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

“అర్బాబ్, నేను చెర్ల చాపపిల్లలను ఇడిసెటోన్ని,” అన్నాడు, హిందీ మరిచిపోయి మన భాషలోనే. “వానలు వడ్డంక మా తాత, మా నాయిన, నేను, కుండలల్ల మోసుకపోయి ఇడుస్తం. ఎండకాలం దాక వల ఎయ్యం. గసొంటిది గీ పిల్లలను తిన్ననా నేను?”

ఆ మాటలు ఆయనకు అర్థం కాలేదు. కానీ ఆయనా చేపల మనిషే కాబట్టి సంగతి అర్థమైంది. అవ్వ అలికిడి విని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెంగు అడ్డం పెట్టుకుంది గాని కడుపు తెలుస్తూనే ఉంది. ఆమె చేతిలో ఆ పూట పులుసు గిన్నె. నేను బాపు వెనక్కి చేరి చెయ్యి పట్టుకున్నాను, ఇప్పుడు చెప్తాను, నాకు తెలుసని చెప్తాను అనుకుంటూ.

అర్బాబ్ గిన్నెకేసి చూశాడు, అవ్వకేసి చూశాడు. ఎన్నో నెల అని బాపును అడిగాడు. ఐదు నిండాయి అన్నాడు బాపు. ఆయన పెదవుల్లోనే ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత బొంబాయి హిందీలో మెల్లగా అన్నాడు.

“చార్ మహీనా. ఉస్కే బాద్ ఏక్ భీ నహీ.”

నాలుగు నెలలు. ఆ తర్వాత ఒక్కటి కూడా వద్దు. ఎండు చేపలు మూడూ అవ్వకే ఇచ్చి వెళ్ళిపోయాడు. ఎవరు పట్టారని అడగలేదు. నా బురద కాళ్ళు ఆయనకు రోజూ కనిపిస్తూనే ఉండేవి.

బాపు ఆ రోజు నుంచి ఆ చేప ముట్టలేదు. నాతో కూడా పాయకు వచ్చి, నేను పట్టినవాటిలోంచి అవ్వకు ఆ పూటకు ఎన్ని కావాలో అన్నే లెక్కపెట్టి ఉంచి మిగతావి నీళ్ళలో వదిలేవాడు. పైకప్పు మీద ఎండేయడం ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే ఇంకో పని చేశాడు. అల్లే ప్రతి గర్గూర్‌కీ అడుగున నాలుగు కన్నులు వెడల్పుగా, నా అరచెయ్యి దూరేంత వెడల్పుగా వదిలేవాడు. చిన్నవి పడితే వాటి దారి అవి చూసుకుంటాయి. పక్క పెరట్లో అల్లేవాళ్ళు ఇదేం బుట్ట, చిల్లుల బుట్ట అని నవ్వారు. అర్బాబ్ చూసి పడవకెక్కించాడు.

ఎండలు ముదురుతుండగా తమ్ముడు పుట్టాడు. ఇంతింత కళ్ళేసుకుని, గట్టి గొంతుతో. ఆ పొద్దున బాపు నా చీర చెంగు అడిగి తీసుకున్నాడు. నాలుగు నీళ్ళల్లో ఉతికి, ఉప్పంతా పోయేదాకా నానబెట్టి, తీగల మీద ఆరేశాడు. అవ్వ దాన్ని రెండు ముక్కలు చేసి వాడికి పొత్తిగుడ్డలు చేసింది. అర్బాబ్ పెద్ద హామూర్ ఒకటి పంపించాడు. అవ్వ తినలేదు. ఇంక కడుపు నిండింది అంది.

నాకు తెలుసన్న సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. అర్బాబ్ పోయాడు. బాపు పోయాడు, మేం ఇండియాకి తిరిగెళ్ళాక మా ఊళ్ళోనే, నిద్రలోనే. అవ్వ పోయి ఆరేళ్ళు. చెప్పాల్సినవాళ్ళంతా అయిపోయారు.

*

నేను పెళ్ళయ్యాక మళ్ళీ ఈ దేశం వచ్చాను. ఉద్యోగం, పిల్లలు, ట్రాఫిక్, ఆ ఊరివైపు వెళ్ళడమే పడలేదు. వెళ్ళిన రోజు పాయ సగం లేదు. లారీలు వరసగా వచ్చి రాళ్ళు గుమ్మరించి పోతున్నాయి. కారు పక్కన ఆపి చూస్తూ నిలబడ్డాను. నీళ్ళచెట్ల పైకొమ్మలు మాత్రం మట్టిలోంచి కనిపిస్తున్నాయి. అక్కడ పనిచేసే ఒకాయన వచ్చి యల్లా యల్లా అన్నాడు, ఇక్కడ నిలబడకూడదన్నాడు. మన జగిత్యాల వైపు మనిషే, మాట పట్టిచ్చింది. ఆయన్ని ఏమనగలను, లారీ డ్యూటీ ఆయనది. వచ్చి కార్లో కూర్చున్నాను. ఒక గుప్పెడు చేపలకు ఇన్నేళ్ళు కుమిలానే, ఇక్కడ ఒక్క మనిషి కూడా నెలలు లెక్కపెట్టలేదే అని ఏడుపు రాలేదు, ఒళ్ళంతా అలసట వచ్చింది. ఆ అలసట ఇంకా పోలేదు. ఆ పూడిక రిపోర్టుకి నంబరు వేసింది కూడా ఇలాంటి ఇంకో గదిలో కూర్చున్న నాలాంటి ఇంకొకామే అయి ఉంటుంది.

ఇవాళ శుక్రవారం. తమ్ముడు వచ్చాడు. వాడు రాస్ లఫాన్ గ్యాస్ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. వారమంతా కంపెనీ బస్సులోనే సగం జీవితం. నలభై దాటాయి, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. వచ్చీ రాగానే వంటింట్లోకి తొంగి చూసి, “చాప అయితే వండలే గదా అక్కా?” అని అడిగాడు. వాడికి చేప వాసనే పడదు. పుట్టినప్పటి నుంచీ అంతే. మా ఇంట్లో పుట్టి ఇదేం రోగంరా అని బాపు నవ్వేవాడు. వాడికి పప్పు, బెండకాయ వేపుడు చేశాను.

తిన్నాక మందుల డబ్బా కోసం లేచినప్పుడు ఆ కాగితం కింద పడింది. వాడు తీసి చదివాడు. ఏందిదని అడిగాడు. చెప్పాను. పాయ, చెంగు, పులుసు, బకెట్టులో చుక్కల చేప, నేను నోరు మూసుకున్నది, నాలుగు నెలలు, అన్నీ. ఎవరికీ చెప్పనిది వాడికి చెప్పాను. వాడు సోఫాలో వెనక్కి వాలి, కళ్ళు సగం మూసుకుని విన్నాడు.

“అయితే గిప్పుడు నేనేమన్న బాకీ ఉన్ననానే అక్కా?” అన్నాడు.

లేదురా, కాగితం నింపాలి అంతే అన్నాను.

పెన్ను తీసుకుని మొదటి గడిలో హామూర్, సాఫీ, షేరీ అని రాశాను. రెండో గడిలో, ఎండలు తగ్గినప్పటి నుంచి మళ్ళీ ముదిరేదాకా అని రాశాను. నాలుగోది ముందు నింపాను. మీకు ఎలా తెలుసు అన్నచోట, నేనే పట్టాను, పిల్లలని తెలిసే పట్టాను అని రాశాను. కొట్టెయ్యలేదు.

మూడో గడి మిగిలింది. ఎన్ని. అంకె వేయమంటాడు కుర్రాడు. ఎక్కడి నుంచి తేను. తమ్ముడికేసి చూశాను. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి పొట్ట మీద వేసుకుని సోఫాలోనే నిద్రపోయాడు. ఒక పిల్లవాడు పుట్టడానికి సరిపడినన్ని అని రాసి, కాగితం మడిచి సంచీలో పెట్టాను.